డిమెన్షియా సంరక్షణలో వీడియో సంభాషణ

డిమెన్షియా సంరక్షణలో వీడియో సంభాషణ అనగా డిమెన్షియా (మతిమరుపు వ్యాధి)తో బాధపడుతున్న వృద్ధులకు, వారికి దూరంగా నివసించే కుటుంబ సభ్యులకు మధ్య ఫోను, వీడియో కాల్, రికార్డు చేసిన స్వరం, దూరం నుండి నడిపే రోబో వంటి సాధనాల ద్వారా సంబంధాన్ని నిలిపే పద్ధతి. ఇది వ్యాధికి చికిత్స కాదు. వ్యాధిగ్రస్తుల ఒంటరితనాన్ని తగ్గించడం, కుటుంబంతో వారి బంధం తెగిపోకుండా చూడడం దీని ఉద్దేశాలు. కొత్త విషయాలు నేర్చుకొనే శక్తి ఈ వ్యాధిలో ముందుగా దెబ్బతింటుంది. అందువలన ఈ పద్ధతి ఫలితం సాధనం నాణ్యత కంటె, వృద్ధుల పక్కన ఉండి సహాయపడే వ్యక్తి మీద, అవతలి వారు మాట్లాడే తీరు మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

డిమెన్షియా, సంభాషణపై దాని ప్రభావం

డిమెన్షియా ఒకే వ్యాధి పేరు కాదు. జ్ఞాపకశక్తి, ఆలోచన, భాష, స్థలకాలాల స్పృహ క్రమంగా తగ్గి, రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితికి దారితీసే లక్షణాల సముదాయాన్ని ఈ పేరుతో వ్యవహరిస్తారు. దీనికి అతి సాధారణమైన కారణం అల్జీమర్స్ వ్యాధి. ఈ వ్యాధిని జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో తొలిసారిగా వివరించాడు. మెదడులోని రక్తనాళాలు దెబ్బతినడం వలన కలిగే వాస్క్యులర్ డిమెన్షియా, లెవీ బాడీ డిమెన్షియా, ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా ఇతర ముఖ్యమైన రకాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 5.7 కోట్ల మందికి డిమెన్షియా ఉన్నది. భారతదేశంలో 60 ఏళ్ళు, అంతకు పైబడిన వారిలో 7.4 శాతం మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నదని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది.

అల్జీమర్స్ వ్యాధిలో సాధారణంగా ఇటీవలి జ్ఞాపకాలు ముందుగా చెదరిపోతాయి. బాల్యం, యౌవనం నాటి జ్ఞాపకాలు, పాటలు, చేతికి అలవాటైన పనులు ఎక్కువ కాలం నిలుస్తాయి. దూరం నుండి జరిపే సంభాషణపై దీని ప్రభావం పలు విధాలుగా ఉంటుంది.

* కొత్త ఫోను వాడే పద్ధతి ఒకరోజు నేర్చుకొన్నా మరునాటికి గుర్తుండకపోవచ్చును.
* ఫోనులో ముఖం కనబడదు కనుక మాట్లాడుతున్నది ఎవరో పోల్చుకోవడం కష్టమవుతుంది.
* తగిన పదం వెతుక్కోవడానికి వ్యాధిగ్రస్తులకు ఎక్కువ సమయం పడుతుంది. ఈ మౌనాన్ని అవతలివారు లైను తెగినట్లుగా పొరబడతారు.
* తెరమీది మనిషి గదిలోనే ఉన్నట్లు కొందరు భావిస్తారు. తెరలోని మనుమరాలికి ఫలహారం అందించబోవడం, కాల్ ముగిసిన తరువాత ఆమె ఎక్కడికి పోయిందని ఇల్లంతా వెదకడం వంటివి జరుగుతాయి.
* తెర మూలన చిన్నగా కనిపించే తమ సొంత ముఖాన్ని గుర్తుపట్టలేక, ఎవరో అపరిచితులు చూస్తున్నారని కొందరు కలవరపడతారు.

వ్యాధి తొలిదశలో దీనికి భిన్నమైన సమస్య ఒకటి ఎదురవుతుంది. కుశల ప్రశ్నలకు జవాబు చెప్పే అలవాటు చాలాకాలం చెక్కుచెదరదు. "బాగున్నాను నాయనా, నువ్వు తిన్నావా?" అని తల్లి ఎప్పటివలెనే అడగగలుగుతుంది. అయిదు నిమిషాల కాల్‌లో లోపమేమీ బయటపడదు. అందువలన దూరంగా ఉన్న సంతానం తల్లికి ఏమీ లేదని నమ్మి, దగ్గర ఉండి చూసుకొనే కోడలో, కూతురో చెప్పే మాటను శంకిస్తారు. రోగనిర్ధారణ ఆలస్యం కావడానికి, కుటుంబంలో కలహాలకు ఇది ఒక కారణమవుతుంది. ఫోనులో వినిపించే కుశలం ఆరోగ్యానికి కొలమానం కాదు.

చరిత్ర

ముఖం చూస్తూ మాట్లాడే ఫోనును అమెరికాకు చెందిన ఏటీ అండ్ టీ సంస్థ పిక్చర్‌ఫోన్ అనే పేరుతో 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో చూపించింది. ధర అధికంగా ఉండడం వలన అది ప్రజాదరణ పొందలేదు. 2003లో వచ్చిన స్కైప్ ఇంటర్నెట్ ద్వారా మాట్లాడడాన్ని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. ఈ సేవ 2025 మే నెలలో నిలిపివేయబడింది. ఆపిల్ సంస్థ 2010లో ఫేస్‌టైమ్‌ను, వాట్సాప్ 2016 నవంబరులో వీడియో కాల్ సదుపాయాన్ని ప్రవేశపెట్టాయి. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత భారతదేశంలో మొబైల్ డేటా ధరలు బాగా తగ్గాయి. ఎస్.టి.డి. బూతుల వద్ద వరుసలో నిలబడిన తరం వారు వృద్ధాప్యంలో తమ పిల్లలను చేతిలోని ఫోనులో చూడగలిగారు.

సాంకేతికతను డిమెన్షియా సంరక్షణకు వాడడం వెనుక పాత ఆలోచనలు కొన్ని ఉన్నాయి. వృద్ధులు గతాన్ని నెమరువేసుకోవడం సహజమైన, ప్రయోజనకరమైన ప్రక్రియ అని అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో ప్రతిపాదించాడు. దీని ఆధారంగా పాత ఫొటోలు, వస్తువులు, పాటల సహాయంతో మాట్లాడించే రెమినిసెన్స్ థెరపీ రూపొందింది. కుటుంబ సభ్యుల స్వరాన్ని రికార్డు చేసి వ్యాధిగ్రస్తులకు వినిపించే పద్ధతి 1990లలో పరిశోధకుల దృష్టికి వచ్చింది.

2020లో కోవిడ్-19 మహమ్మారి ఈ విషయానికి ఎన్నడూ లేని ప్రాముఖ్యాన్ని తెచ్చిపెట్టింది. అమెరికా ప్రభుత్వం 2020 మార్చి 13న నర్సింగ్ హోములలోకి సందర్శకుల రాకను నిలిపివేయవలసినదిగా మార్గదర్శకాలు జారీ చేసింది. భారతదేశంలో అదే నెలలో లాక్‌డౌన్ మొదలైంది, అంతర్జాతీయ ప్రయాణిక విమానాలు ఆగిపోయాయి. విదేశాలలోని పిల్లలు తల్లిదండ్రుల వద్దకు రాలేకపోయారు. కొన్ని కుటుంబాలకు చివరిచూపు కూడా ఫోను తెర మీదనే దక్కింది.

సాధనాలు

సాధారణ ఫోను: మీటల మీద అంకెలకు బదులు పిల్లల ఫొటోలు అతికించిన ఫోనులు కొన్ని దేశాలలో లభిస్తాయి. ఫొటోను నొక్కితే ఆ వ్యక్తికి కాల్ వెళుతుంది. చిరకాలంగా ఫోను వాడిన వారికి రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకొనే అలవాటు వ్యాధి ముదిరే వరకు మిగిలి ఉండవచ్చును.

స్మార్ట్‌ఫోను, టాబ్లెట్: భారతదేశంలో అత్యధికంగా వాడబడుతున్నవి ఇవే. నున్నని తెరను తాకడం, పక్కకు జరపడం వంటి కదలికలు వృద్ధులకు పాత అలవాటులో లేనివి. కాబట్టి తొలిదశ దాటిన వారి విషయంలో కాల్‌ను మరొకరు అందుకొని తెరను చూపించవలసి ఉంటుంది.

స్మార్ట్ డిస్‌ప్లే: బల్లమీద నిలిపి ఉంచే తెర ఇది. అమెజాన్ సంస్థ 2017లో విడుదల చేసిన ఎకో షో ఈ కోవకు చెందినది. ముందుగా అనుమతి పొందిన వ్యక్తి కాల్ చేసినప్పుడు అవతలివారు ఏమీ నొక్కకుండానే సంభాషణ మొదలయ్యే డ్రాప్ ఇన్ అనే సదుపాయం ఇందులో ఉన్నది. నార్వేకు చెందిన నో ఐసొలేషన్ సంస్థ తయారుచేసిన కోంప్ అనే పరికరం పాత టీవీని పోలి ఉండి, ఒకే ఒక తిప్పుడు మీటతో పనిచేస్తుంది. కుటుంబ సభ్యులు పంపిన ఫొటోలు తెరమీద వాటంతట అవే కనిపిస్తాయి.

టెలిప్రెజెన్స్ రోబో: చక్రాల స్తంభంపై తెర, కెమెరా అమర్చిన యంత్రం ఇది. దూరాన ఉన్న వ్యక్తి దీనిని ఇంట్లో అటూ ఇటూ నడిపిస్తూ మాట్లాడవచ్చును. స్వీడన్‌లో రూపొందిన జిరాఫ్ అనే రోబోను ఐరోపా దేశాలలో వృద్ధుల ఇళ్ళలో పరీక్షించారు. ధర, గడపలు, మెట్లు, ఇంటర్నెట్ వేగం దీనికి అవరోధాలు.

రికార్డు చేసిన సందేశాలు: ప్రత్యక్ష సంభాషణకు వేళ కుదరనప్పుడు పిల్లలు పంపిన చిన్న వీడియోలను సహాయకులు తగిన సమయంలో చూపిస్తారు. క్రితంసారి చూసిన సంగతి గుర్తుండని వారికి ఒకే సందేశం పలుమార్లు సంతోషం కలిగించవచ్చును.

పరిశోధనలు

సంభాషణ గుర్తుండనప్పుడు దాని వలన ప్రయోజనమేమిటన్నది కుటుంబ సభ్యులకు కలిగే మొదటి సందేహం. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు సంబంధించినది. అల్జీమర్స్ వ్యాధి ఉన్న 17 మందికి, ఆరోగ్యవంతులైన 17 మందికి దుఃఖం కలిగించే చలనచిత్ర భాగాలను, సంతోషం కలిగించే వాటిని వేర్వేరుగా చూపించారు. వ్యాధిగ్రస్తులకు కొద్ది నిమిషాలలోనే వాటి వివరాలు చాలావరకు గుర్తులేకుండా పోయాయి. కాని అవి కలిగించిన దుఃఖం, సంతోషం ఆ తరువాత కూడా నిలిచాయి. కారణం మరుగైనా భావం మిగులుతుందని ఈ అధ్యయనం సూచించింది. దీని అర్థం రెండు విధాలుగా ఉన్నది. ఆప్యాయమైన సంభాషణ తరువాత ప్రసన్నత మిగిలినట్లే, విసుగుతో కూడిన సంభాషణ తరువాత కారణం తెలియని కలత మిగలవచ్చును.

తైవాన్‌లోని నర్సింగ్ హోములలో జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో వృద్ధులు వారానికి కనీసం 5 నిమిషాల చొప్పున 3 నెలలు కుటుంబ సభ్యులతో వీడియోలో మాట్లాడారు. వారిలో ఒంటరితనం, దిగులు తగ్గినట్లు పరిశోధకులు పేర్కొన్నారు. అయితే 2020లో కాక్రేన్ సంస్థ జరిపిన సమీక్షలో ఈ అంశంపై తగిన ప్రయోగాలు మూడే లభించాయి. అవన్నీ తైవాన్ నర్సింగ్ హోములలో జరిగినవే. వీడియో కాల్స్ ఒంటరితనాన్ని తగ్గిస్తాయని నిశ్చయంగా చెప్పడానికి ఆధారాలు చాలవని సమీక్షకులు తేల్చారు. రికార్డు చేసిన కుటుంబ స్వరాలపై 2017లో వెలువడిన కాక్రేన్ సమీక్ష కూడా ఇదే విధంగా ఆధారాల నాణ్యత చాలా తక్కువగా ఉన్నదని పేర్కొన్నది.

అమెరికాలో ఐ-కనెక్ట్ పేరుతో జరిగిన ప్రయోగంలో 75 ఏళ్ళు పైబడిన, ఒంటరిగా ఉండే వృద్ధులతో శిక్షణ పొందిన వ్యక్తులు వారానికి 4 సార్లు అరగంట చొప్పున వీడియోలో మాట్లాడారు. ఆరు నెలల తరువాత వారి మానసిక సామర్థ్య పరీక్షల ఫలితాలు మెరుగుపడ్డాయి. ఇందులో పాల్గొన్నవారు డిమెన్షియా లేనివారు, లేదా స్వల్ప జ్ఞాపక లోపం మాత్రమే ఉన్నవారు. కావున ఈ ఫలితాలను డిమెన్షియా ఉన్నవారికి నేరుగా అన్వయించడం సరికాదు.

సంభాషణ నిర్వహణ

డిమెన్షియా సంరక్షణలో సాధారణంగా సూచించే జాగ్రత్తలు వీడియో సంభాషణకు కూడా వర్తిస్తాయి.

* మాట్లాడేవారు తామెవరో మొదటనే చెప్పాలి. "అమ్మా, నేను నీ చిన్నబ్బాయిని, అమెరికా నుంచి మాట్లాడుతున్నాను" అని చెప్పడం మేలు. "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని పరీక్షించడం వలన వృద్ధులు సిగ్గుపడతారు, భయపడతారు.
* "పొద్దున ఏం తిన్నావు?" వంటి ఇటీవలి సంగతుల కంటె పాత ఊరు, పొలం, పండుగలు, చేసిన ఉద్యోగం గురించి మాట్లాడడం తేలిక. ఒక పాత ఫొటోనో, ఇంటి ఇత్తడి చెంబునో కెమెరా ముందు చూపితే మాట కలుస్తుంది.
* ఒక్కసారి ఒక్కరే మాట్లాడాలి. తెరమీద అనేకమంది కనిపించే గ్రూపు కాల్స్ గందరగోళం కలిగిస్తాయి.
* టీవీ కట్టివేయాలి. కళ్ళజోడు, వినికిడి యంత్రం పెట్టుకొన్నారో లేదో చూడాలి. మతిమరుపుగా కనిపించేది కొన్నిసార్లు వినబడకపోవడమే కావచ్చును.
* తెరను కంటి ఎత్తులో నిలపాలి. మాట్లాడేవారి ముఖంపై వెలుతురు పడాలి. సొంత ముఖం కనిపించే చిన్న చట్రాన్ని వీలైతే తొలగించాలి.
* అలసట కనిపించగానే ముగించాలి. ముగించేటప్పుడు పక్కన ఉన్నవారు వృద్ధులను మరొక పనిలోకి మళ్ళించాలి.

మరణించిన భర్త ఎక్కడున్నాడని తల్లి అడిగినప్పుడు ఏమి చెప్పాలన్నది తరచుగా ఎదురయ్యే చిక్కు. "నాన్నగారు పోయి ఆరేళ్ళయింది కదమ్మా" అని ప్రతిసారీ సరిదిద్దితే ఆమెకు ప్రతిసారీ అది కొత్త దుఃఖమే. వ్యాధిగ్రస్తుల మాటను ఖండించక, దాని వెనుకనున్న భావాన్ని అంగీకరించి మాట్లాడే వాలిడేషన్ పద్ధతిని నయోమీ ఫెయిల్ అనే సామాజిక కార్యకర్త రూపొందించింది. "నాన్నగారు గుర్తొచ్చారా అమ్మా? ఆయన సంగతులు చెప్పు" అనడం ఈ ధోరణికి దగ్గరగా ఉంటుంది. దగ్గర ఉన్నవారు, దూరాన ఉన్నవారు ఒకే విధమైన జవాబు చెప్పడానికి ముందే మాట అనుకోవడం అవసరం.

కాలభేదం

డిమెన్షియా ఉన్న కొందరిలో సాయంకాలం నుండి కలవరం, అనుమానం, ఇల్లు విడిచి వెళ్ళాలనే తపన ఎక్కువవుతాయి. దీనిని సన్‌డౌనింగ్ అంటారు. విదేశాలలో ఉన్న తెలుగువారికి ఇది కాలభేదంతో ముడిపడిన సమస్య. న్యూయార్క్ కంటె భారతదేశ సమయం వేసవిలో 9 గంటల 30 నిమిషాలు, శీతకాలంలో 10 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. న్యూయార్క్‌లో ఉద్యోగానికి బయలుదేరే ముందు ఉదయం 7.30కు కాల్ చేస్తే, తల్లిదండ్రుల ఇంట్లో అది సాయంత్రం 5 లేక 6 గంటలు. అనగా సరిగ్గా కలవరం మొదలయ్యే వేళ. అదే వ్యక్తి రాత్రి 9 గంటలకు కాల్ చేస్తే ఇక్కడ మరునాటి ఉదయం 6.30 లేక 7.30 అవుతుంది. కాలిఫోర్నియాలో రాత్రి 8 గంటలు భారతదేశంలో మరునాటి ఉదయం 8.30 లేక 9.30. నిద్రలేచి, కాఫీ తాగి ప్రశాంతంగా ఉన్న ఉదయపు వేళ ఎక్కువమందికి అనుకూలం. అయితే ఇది వ్యక్తిని బట్టి మారుతుంది.

అమెరికాలో గడియారాలను మార్చి నెలలో ఒక గంట ముందుకు, నవంబరులో ఒక గంట వెనుకకు జరుపుతారు. భారతదేశంలో ఈ పద్ధతి లేదు. అమెరికా గడియారం ప్రకారం కాల్ చేస్తూ పోతే ఏడాదికి రెండుసార్లు ఇక్కడి వేళ ఒక గంట మారుతుంది. నిత్యక్రమం మీద ఆధారపడే వ్యాధిగ్రస్తులకు ఈ మార్పు ఇబ్బంది కలిగించవచ్చును. కనుక భారత సమయాన్నే స్థిరంగా పాటించడం మంచిది.

భాష

పెద్దయ్యాక నేర్చుకొన్న భాషలు వ్యాధి ముదిరేకొద్దీ మరుగై, వృద్ధులు మాతృభాషకే పరిమితం కావడం పలువురిలో కనిపిస్తుంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. ఒకే భాష తెలిసినవారి కంటె రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనట్లు ఇందులో తేలింది. అయితే వ్యాధి మొదలైన తరువాత సంభాషణకు మిగిలే భాష ఏదన్నది వేరే ప్రశ్న. ఇంగ్లీషులో పెరిగిన మనుమలకు, తెలుగు మాత్రమే మిగిలిన తాతయ్య, అమ్మమ్మలకు మధ్య మాటలు తగ్గిపోతాయి. సంగీత జ్ఞాపకాలు సాపేక్షంగా ఎక్కువ కాలం నిలుస్తాయి. కాబట్టి పాత సినిమా పాట, భజన, చిన్ననాటి పద్యం కలిసి పాడడం ఇటువంటి సందర్భంలో సంభాషణకు ప్రత్యామ్నాయమవుతుంది.

నైతిక ప్రశ్నలు, పరిమితులు

కాల్ అందుకోకుండానే మొదలయ్యే సదుపాయాలు, ఇంట్లో అమర్చిన కెమెరాలు గోప్యతకు సంబంధించిన ప్రశ్నలను లేవనెత్తుతాయి. స్నానం, బట్టలు మార్చుకోవడం వంటివి జరిగే చోట వీటిని ఉంచకూడదు. వ్యాధి తొలిదశలోనే, అంగీకారం చెప్పగల స్థితిలో ఉన్నప్పుడే వృద్ధుల అభిప్రాయాన్ని అడగడం సమంజసం. ఇంట్లో పనిచేసే సహాయకులకు కూడా కెమెరా సంగతి తెలియజేయాలి. దూరాన ఉన్నవారు సంభాషణ పేరుతో నిరంతర నిఘా పెడితే, దగ్గర ఉండి సేవచేసే వారిపై ఒత్తిడి పెరుగుతుంది.

అపరిచితుల కాల్స్ మరొక ప్రమాదం. పోలీసు అధికారులమని వీడియోలో బెదిరించి డబ్బు కాజేసే డిజిటల్ అరెస్టు మోసాలకు వృద్ధులు గురవుతున్నారు. తెలిసిన నంబర్ల నుండి మాత్రమే కాల్స్ వచ్చేటట్లు ఫోనును అమర్చడం, బ్యాంకు యాప్‌లను ఆ ఫోనులో ఉంచకపోవడం రక్షణనిస్తాయి. సైబర్ మోసాలపై ఫిర్యాదుకు భారతదేశంలో 1930 నంబరు ఉన్నది.

వ్యాధి చివరిదశలో తెరమీది ముఖాన్ని, స్వరాన్ని గుర్తించే శక్తి సన్నగిల్లుతుంది. ఈ దశలో చేతి స్పర్శ, తినిపించడం, పక్కన కూర్చోవడం ప్రధాన సంబంధ మార్గాలు. వీటిని ఏ సాధనమూ అందించలేదు. అప్పుడు వీడియో కాల్ వ్యాధిగ్రస్తుల కంటె సంరక్షకులకు ఎక్కువగా ఉపయోగపడుతుంది. వారి అలసటను వినడానికి, ఖర్చులు, వైద్యుల సంప్రదింపులు పంచుకోవడానికి, వారికి సెలవు దొరికే ఏర్పాటు చేయడానికి దూరాన ఉన్నవారు దీనిని వినియోగించవచ్చును.

సహాయ సంస్థలు

అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1992లో కేరళలో స్థాపించబడింది. దీనికి హైదరాబాదులో కూడా శాఖ ఉన్నది. వయోవృద్ధుల కోసం 2021లో దేశవ్యాప్తమైన ఎల్డర్‌లైన్ సహాయ సేవ 14567 నంబరుపై పనిచేస్తుంది. సంరక్షకుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసపోర్ట్ అనే ఆన్‌లైన్ శిక్షణను రూపొందించింది. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 21ని ప్రపంచ అల్జీమర్స్ దినంగా పాటిస్తారు.

ఇవి కూడా చూడండి

* అల్జీమర్స్ వ్యాధి
* డిమెన్షియా
* వృద్ధాప్యం
* ప్రవాసాంధ్రులు
* టెలిమెడిసిన్